జిమ్‌లో జారిపోయే ఇయర్‌బడ్స్: మూడు వేలల్లో ఏది కొనాలి?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. కర్నూలులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టరు చెప్పినప్పటి నుంచి, అంటే నాలుగు నెలలుగా, వారానికి నాలుగు రోజులు పొద్దున్నే జిమ్‌కు, రెండు రోజులు కె.సి. కెనాల్ పక్కన నడకకు పోతా ఉన్నాను. పాటలు లేకపోతే ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు కూడా నిలవలేను. మా తమ్ముడు కొనిచ్చిన ఇయర్‌బడ్స్ పరుగెత్తితే జారతాయి, పడుకుని చేసే కసరత్తుల్లో ఊడిపడతాయి. పోయిన నెల నుంచి ఎడమ వైపు సౌండ్ సగానికి పడిపోయింది, విసుగొచ్చి సొరుగులో పడేశాను. జిమ్‌లో స్పీకర్లు హోరెత్తిస్తాయి కాబట్టి వాల్యూమ్ పూర్తిగా పెంచేదాన్ని. ఇంటికొచ్చాక కాసేపు చెవుల్లో గుయ్‌మని మోత. ట్రైనర్ చెవులు మొత్తం మూసే పెద్ద హెడ్‌ఫోన్స్ కొనమంటాడు, స్టాఫ్‌రూములో అందరూ నెక్‌బ్యాండ్ అంటారు, తమ్ముడేమో "ఎముక ద్వారా వినిపించేవి వచ్చాయక్కా, అవి తీసుకో" అంటాడు. నాకు కళ్ళద్దాలున్నాయి. కమ్మలు, పైచెవి పోగు తియ్యను. మూడు వేలు దాటకుండా ఏది కొనాలి? మా ఆయన మాత్రం "ఉన్నది సొరుగులో పెట్టి మళ్ళీ ఇంకోటా?" అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు:

అమ్మా,

మీ ఆయన మాటతోనే మొదలుపెడతాను. దాంట్లో సగం నిజముంది. కొత్తది కొనే ముందు ఆ సొరుగు తెరిచి పాత జత బయటికి తియ్యండి.

నేను చాలా ఏళ్ళు సెల్‌ఫోన్ సర్వీసు బెంచీ మీద కూర్చున్నవాణ్ణి. "సార్, ఒక పక్క పోయింది" అని నా దగ్గరికి వచ్చిన ఇయర్‌బడ్స్‌లో చాలావాటికి రోగమేమీ ఉండేది కాదు, గులిమి అంతే. ఎడమదాని రబ్బరు టిప్ ఊడదీసి, ఫోన్ టార్చి వేసి చూడండి. గొట్టం మూతికి సన్నని జాలీ ఉంటుంది. దాని మీద తేనె రంగు పూత కనిపించిందంటే మీ సౌండ్ అక్కడే ఆగిపోతోంది. పొడి టూత్‌బ్రష్ తీసుకోండి, చిన్నపిల్లలదైతే ఇంకా మెత్తగా ఉంటుంది. జాలీ నేలవైపు ఉండేట్టు పట్టుకుని నెమ్మదిగా దులపండి. పైకి పట్టుకుని రుద్దితే చెత్త లోపలికే పోతుంది. పిన్నీసు, సూది దగ్గరికి కూడా రానివ్వొద్దు, జాలీ చినిగితే ఇక చేసేదేం లేదు. నీళ్ళు, స్పిరిటు కూడా జాలీకి తగలకూడదు. టిప్‌ను మాత్రం సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక తొడగండి. ఇంత చేసినా తేడా లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి పోయి, ఎడమ కుడి బ్యాలెన్స్ గుండీ సరిగ్గా నడిమధ్యన ఉందో లేదో చూడండి. ఇంట్లో పిల్లలు ఆడుతూ దాన్ని ఒక పక్కకు జరిపేసిన ఫోన్లు నా బెంచీ మీదికి వచ్చేవి. వాటికి నేను డబ్బు తీసుకునేవాణ్ణి కాదు.

సౌండ్ తిరిగొచ్చినా జారడం ఆగదు కదా అంటారు. నిజమే, అసలు సంగతి అక్కడే ఉంది. జారడం, బయటి హోరు, ఇంటికొచ్చాక మోత అని మీరు మూడు కష్టాలు రాశారు. నాకు మూడూ ఒకటిగానే కనిపిస్తున్నాయి: ఆ బడ్ మీ చెవికి కుదరలేదు. కుదరనిది ఎలాగూ జారుతుంది. రంధ్రాన్ని సరిగ్గా మూయదు కాబట్టి జిమ్ స్పీకర్ల హోరు ఆ సందులోంచి లోపలికొస్తుంది, మీ పాటలోని బేస్, అంటే డప్పుల దిమ్ము, అదే సందులోంచి బయటికి పోతుంది. పాట పలచగా, నీళ్ళ మజ్జిగలా వినిపిస్తుంది. మీరు వాల్యూమ్ పెంచుతారు. అందుకే బ్రాండు, డ్రైవర్ (లోపలి బుల్లి స్పీకరు) సైజు, డబ్బా మీద రాసిన బేస్ గొప్పలు, వీటన్నిటికంటే ముందు కుదురు చూడమంటాను.

ఇయర్‌బడ్స్ డబ్బాలో మామూలుగా మూడు సైజుల రబ్బరు టిప్స్ ఇస్తారు. మధ్య సైజు ముందే తొడిగి ఉంటుంది. చాలామంది మిగతా రెండు జతలను తెరవకుండానే డబ్బాతో పాటు పాతసామాన్ల వాడికి వేసేస్తారు. మీవి ఇంకా ఉంటే వెతకండి. ఆడవాళ్ళ చెవి రంధ్రం సగటున మగవాళ్ళదానికంటే చిన్నది, కాబట్టి మీకు చిన్నదే పట్టొచ్చు. రెండు చెవులూ ఒకే కొలత ఉండాలని కూడా లేదు. నాకు కుడి చెవికి మధ్యది, ఎడమ చెవికి చిన్నది సరిపోతాయి. అది తెలియక రెండేళ్ళు ఎడమది నేలమీద ఏరుకుంటూ గడిపాను.

ఎలా చూసుకోవాలంటే, చెవి తడి తుడుచుకుని, ఎదుటి చేతిని తలమీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, రవ్వంత వెనక్కి లాగి, బడ్ లోపల పెట్టి కొంచెం తిప్పండి. డప్పులు బాగా మోగే పాటొకటి పెట్టండి. ఇప్పుడు వేలితో బడ్‌ను మెల్లగా లోపలికి నొక్కండి. ఒక్కసారిగా బేస్ పెరిగిందంటే టిప్ సందు వదిలేస్తోందన్నమాట, సైజు మార్చండి. పెరగకపోతే మంచిదే. తర్వాత ఉగ్గాని నములుతున్నట్టు దవడలు ఆడించండి. దవడ కీలు చెవి రంధ్రానికి ఆనుకునే ఉంటుంది, అది కదిలినప్పుడల్లా రంధ్రం ఆకారం మారుతుంది. కదలకుండా కూర్చున్నప్పుడు గట్టిగా ఉన్న బడ్ నాలుగు మాటలు మాట్లాడగానే ఊడటానికి కారణం అదే. "ఆ" అని గట్టిగా అనండి. కుండలో తలపెట్టి మాట్లాడినట్టు మీ గొంతు మీకే దిమ్ముగా వినిపించాలి. చివరగా మంచం మీద వెల్లకిలా పడుకుని తల అటూ ఇటూ తిప్పండి, లేచి పది గెంతులు గెంతండి. అరగంట పెట్టుకున్నాక నొప్పి పుడితే సైజు ఎక్కువైనట్టు.

ఇంట్లో ఉన్న టిప్స్ ఏవీ పట్టకపోతే, విడిగా మెమొరీ ఫోమ్ టిప్స్ దొరుకుతాయి. వేళ్ళ మధ్య నలిపి పెడితే లోపల ఉబ్బి చెవి ఆకారానికి సర్దుకుంటాయి. చెమట పీల్చుకుని రబ్బరువాటికంటే తొందరగా పాడైపోతాయి, అదొక్కటే తంటా. మీ బడ్ గొట్టం గుండ్రమా, కోలగా ఉందా చూసి తీసుకోండి, లేకపోతే ఎక్కవు.

చెవుల్లో మోత సంగతి తేలిగ్గా తీసుకోవద్దమ్మా. కాసేపటికి తగ్గిపోతోంది కదా అనిపిస్తుంది. కానీ అది చెవి "ఇక చాలు" అంటున్న గుర్తు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. పది పెరిగినందుకు సమయం పదోవంతుకు పడిపోయింది చూడండి, ఎందుకంటే ప్రతి 3 డెసిబెల్స్‌కూ వినదగిన సమయం సగమవుతుంది. మీరు వారానికి నాలుగు రోజులు, రోజుకో గంట అనుకున్నా, ఫుల్ వాల్యూమ్‌లో విన్నారు. బడ్ బాగా కుదిరితే బయటి హోరు తగ్గి, ఫోన్‌లో 60 శాతం దగ్గరే పాట హాయిగా వినిపిస్తుంది. అంతకు మించకుండా ఫోన్‌లోనే హద్దు పెట్టుకోండి, చాలా ఫోన్లలో ఆ వీలుంది. మోత మర్నాటికి కూడా తగ్గకపోతే పెద్దాసుపత్రి ఈఎన్‌టీ ఓపీకి పోండి. వినికిడి ఉన్నట్టుండి పడిపోతే మాత్రం ఆ రోజే పోవాలి. ఇంకోటి, షుగర్ ఉన్నవాళ్ళకు చెవి ఇన్‌ఫెక్షన్ వస్తే మామూలు వాళ్ళకంటే మొండికేస్తుంది. మీరు బార్డర్‌లో ఉన్నారు కాబట్టి చెవిలో నొప్పి, దురద, చీము లాంటివి ఉంటే నాలుగు చుక్కల నూనె పోసుకుని కూర్చోకండి. బడ్స్ ఎవరికీ అరువివ్వకండి, తమ్ముడికి కూడా.

జిమ్ ఓనరును సౌండ్ తగ్గించమని అడగొచ్చు. ఒక్కరే అడిగితే నవ్వి ఊరుకుంటాడు. పొద్దుటి బ్యాచ్ ఆడవాళ్ళు నలుగురు కలిసి అడిగి చూడండి.

ఇక సలహాదారుల సంగతి. ట్రైనర్ చెప్పిన పెద్ద హెడ్‌ఫోన్స్ బరువులెత్తే మగపిల్లలకు బాగానే ఉంటాయి. మీకు మాత్రం ఆ మెత్త కళ్ళద్దాల కాడ మీద, పైచెవి పోగు మీద కూర్చుని నొక్కుతుంది. కాడ ఉన్నచోట మెత్త రవ్వంత లేస్తుంది, మళ్ళీ అక్కడో సందు. వెల్లకిలా పడుకుంటే జడముడి తగిలి బ్యాండు ముందుకు జరుగుతుంది. పైగా మన కర్నూలు ఏప్రిల్‌లో దాన్ని గంటసేపు చెవులకు కట్టుకుంటే ఆ మెత్తలు చెమట పీల్చి మూడు నెలల్లో కంపు కొడతాయి. వద్దు.

నెక్‌బ్యాండ్ చవక, ఛార్జింగ్ ఎక్కువ రోజులొస్తుంది, ఊడినా మెడలోనే వేలాడుతుంది. ఈ చివరి గుణం చిన్నదేం కాదు. నడకకు, బస్సులో పోవడానికి దాన్ని మించింది లేదు. జిమ్‌లో మాత్రం ముందుకు వంగినప్పుడల్లా జారి ముందుకొస్తుంది, దాని వైరు నల్లపూసల దండలో చిక్కుకుంటుంది. మా ఇంట్లోనే ఒకసారి ఆ చిక్కు తీస్తుంటే దండ తెగి, పూసలు మంచం కింద నుంచి ఏరాల్సి వచ్చింది. ఆ తర్వాత నేను ఆడవాళ్ళకు జిమ్ కోసం నెక్‌బ్యాండ్ చెప్పడం మానేశాను.

తమ్ముడు చెప్పిన బోన్ కండక్షన్ మంచి సరుకే. చెవి రంధ్రం తెరిచే ఉంటుంది, చెవి ముందున్న ఎముక ద్వారా శబ్దం లోపలికి పోతుంది. రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళకు అంతకంటే భద్రమైంది లేదు. కానీ మీ జిమ్‌లో హోరు ఉంది. తెరిచిన చెవిలోకి ఆ హోరంతా నేరుగా వస్తుంది, మీరు మళ్ళీ వాల్యూమ్ పెంచుతారు. దాని కాడ కూడా చెవి వెనక, కళ్ళద్దాల చోటే అడుగుతుంది. పైగా మీ బడ్జెట్‌లో ఆ పేరుతో అమ్మేవాటిలో చాలామటుకు చెవి పక్కన వేలాడే మామూలు బుల్లి స్పీకర్లే. పరీక్ష సులువు: పాట పెట్టి రెండు చెవి రంధ్రాలూ వేళ్ళతో మూయండి. నిజమైనదైతే పాట తగ్గదు, ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఉత్తుత్తిదైతే దాదాపు ఆగిపోతుంది.

చెవి చుట్టూ కొక్కెం ఉండే బడ్స్ కసరత్తుకు పుట్టినట్టే ఉంటాయి, కళ్ళద్దాలు లేనివాళ్ళకు నేను మొదట చెప్పేది అవే. మీకు కాడ, పోగు, కొక్కెం మూడూ ఒకే సందులో ఇరుక్కుంటాయి. కాబట్టి మీరు చూడాల్సింది రబ్బరు టిప్ ఉండి, చెవి లోపలి మడతలో ఒదిగే చిన్న రెక్క ఉన్న బడ్స్. రెక్క దొరక్కపోతే పొట్టిగా, తేలిగ్గా ఉన్నవి తీసుకోండి. టిప్ లేకుండా గట్టి ప్లాస్టిక్ మూతితో ఉండే రకం మాత్రం జిమ్‌కు వద్దే వద్దు. బోట్, నాయిస్, రియల్‌మీ, వన్‌ప్లస్, జేబీఎల్, వీటన్నిటికీ మీ బడ్జెట్ లోపల టిప్ రకాలున్నాయి. ఫలానా మోడలే కొనండి అని నేనంటే మీరు అంగడికి పోయేసరికి ఆ మోడలే ఉండదు, అందుకే పేరు చెప్పడం లేదు.

బయటి చప్పుడును కోసే నాయిస్ క్యాన్సిలేషన్ కోసం అదనంగా డబ్బు పెట్టాలా అని అడుగుతారు. అది ఏసీ గుర్రు, ట్రెడ్‌మిల్ మోటారు రొద లాంటి ఆగకుండా వచ్చే మంద్రపు శబ్దాన్ని బాగా కోస్తుంది. స్పీకరులోని పాటగాడి గొంతును, ఇనుప ప్లేటు కిందపడ్డ చప్పుడును అంతగా కొయ్యలేదు. బాగా కుదిరిన రబ్బరు టిప్ ఆ పని చాలావరకు ఊరికే చేస్తుంది. ఉంటే ఉండనివ్వండి, దానికోసం బడ్జెట్ దాటొద్దు. బ్లూటూత్ 5.0 అయినా 5.4 అయినా ట్రెడ్‌మిల్ మీద మీకు తేడా తెలియదు. డబ్బా మీద "50 గంటలు" అని ఉంటే అది బడ్స్ పెట్టే కేసులోని ఛార్జింగుతో కలిపి వేసిన లెక్క, బడ్ ఒక్కసారి ఐదారు గంటలు వచ్చినా మీకు చాలు. పాట మధ్యలో తెగితే ఫోన్ ఎక్కడ పెట్టారో చూసుకోండి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని మన ఒంట్లోని నీళ్ళు పీల్చేస్తాయి, ఇనుప లాకరు అసలే రానివ్వదు.

చెమటను మాత్రం మర్చిపోవద్దు. డబ్బా మీద ఐపీఎక్స్4, ఐపీఎక్స్5 అని ఉంటుంది. చివరి అంకె నీళ్ళది. 4 అంటే ఎటునుంచి తుంపర్లు పడ్డా తట్టుకుంటుంది, 5 అంటే పైపుతో కొట్టిన నీళ్ళను, 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా తట్టుకుంటుంది. మధ్యలోని ఎక్స్ అంటే దుమ్ముకు పరీక్ష చెయ్యలేదని. మీకు 4 కంటే తక్కువ వద్దు, 5 ఉంటే నిశ్చింత. అయితే ఆ పరీక్షలు మంచినీళ్ళతో చేస్తారు, మన చెమటలో ఉప్పుంటుంది. ఆ అంకె చాలామటుకు బడ్స్‌కే, వాటిని పెట్టే ఛార్జింగ్ డబ్బాకు కాదు. నేనూ ఒకసారి 7 అంకె చూసి ధీమాగా బడ్స్‌ను కుళాయి కింద కడిగి, తడి ఆరకుండానే డబ్బాలో పెట్టేశాను. బడ్స్ బతికాయి. నెల తిరిగేసరికి డబ్బా ఛార్జింగ్ ఆగిపోయింది. లెన్స్ పెట్టి చూస్తే ఇత్తడి చెంబుకు పట్టినట్టు పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము. జిమ్ అయిపోగానే బడ్స్‌ను డబ్బాలోకి విసరకుండా పొడిగుడ్డతో తుడిచి, బడ్ మీద ఛార్జింగ్ తగిలే ఆ రెండు బంగారు రంగు చుక్కలను ప్రత్యేకంగా రుద్ది, పది నిమిషాలు గాలికి ఆరనిచ్చి అప్పుడు మూత పెట్టండి. ఎండాకాలం దాన్ని స్కూటీ డిక్కీలో వదిలి క్లాసుకు పోవద్దు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చెయ్యకూడదంటారు, మే నెల డిక్కీ లోపలి వేడి అది ఎప్పుడో దాటేస్తుంది.

అంగట్లో బడ్స్ చెవిలో పెట్టి చూడనివ్వరు, అది ఒకరకంగా న్యాయమే. పెద్ద షోరూముల్లో డెమో పీసులుంటాయి. అడగండి, తుడిచి ఇస్తే మీ కళ్ళద్దాలతోనే పెట్టి దవడ పరీక్ష అక్కడే చెయ్యండి, సిగ్గుపడొద్దు. ఆన్‌లైన్‌లో అయితే సైజు కుదరలేదన్న కారణానికి వెనక్కి తీసుకుంటారో లేదో ముందే చదవండి. బిల్లు తప్పనిసరి. డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే అది ఏ కంపెనీదో తేలుతుంది. మూడొందలకు "ఒరిజినల్" ఇస్తానన్నవాడి దగ్గర ఈ ఒక్క పని చేస్తే చాలు, మాట మారుస్తాడు. వారంటీ ఉండి కూడా తిప్పుతుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి.

ఇక కెనాల్ పక్కన నడక. ఆ దారిలో జిమ్ లెక్క పనిచెయ్యదు, సరిగ్గా తలకిందులు. జిమ్‌లో బయటి శబ్దం రాకూడదు, అక్కడ రావాలి. పొద్దున్నే మసకవెలుతురులో వెనకనుంచి ఆటో వస్తుంది, బైకు వస్తుంది, కుక్క వస్తుంది, మనిషి కూడా రావొచ్చు. రెండు చెవులూ మూసుకుని నడవద్దు. కొత్తవాటిలో ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంటే బయటి శబ్దాన్ని మైకుతో పట్టి లోపలికి వినిపిస్తుంది. అయినా గాలి వీస్తే ఆ మైకుల్లో బుస్సుమంటుంది, దాన్ని నేను పెద్దగా నమ్మను. దీనికి కొత్తది అక్కర్లేదు కూడా. గులిమి దులిపిన మీ పాత జత ఉందిగా, దాంట్లో ఒక్కటే తీసి రోడ్డు వైపు లేని చెవికి పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు రెండోదాన్ని రెండో చెవికి మార్చుకోండి. నడకకు అది జారదు, జారినా వంగి ఏరుకోవచ్చు. మీ ఆయన అడిగినదానికి జవాబు కూడా ఆ సొరుగులోంచే వచ్చినట్టవుతుంది.